పసివారి వార్డుకు బొగ్గుగని చెప్పు పాఠము

ప్రతి సంవత్సరము సెప్టెంబరు 17వ తేదీని ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగి భద్రతా దినముగా పాటించుచున్నది. 2019 మే నెలలో సభ్యదేశములు కూడి ఈ దినమును నిర్ణయించినవి. 2025లో ఇందుకు ఎన్నుకొనిన విషయము నవజాత శిశువులకును, బాలబాలికలకును భద్రమైన వైద్యము. నినాదము “ఆరంభము నుండియే రోగి భద్రత”. ఆ రాత్రి అనేక దేశములలో ప్రసిద్ధమైన కట్టడములను నారింజరంగు దీపములతో వెలిగించుట ఈ దినపు ఆచారము. తెలంగాణములో అదే తేదీకి వేరొక ప్రాముఖ్యము కలదు. 1948లో హైదరాబాదు సంస్థానము భారతదేశమున కలిసిన దినమది. కార్యాలయములపై జెండాలెగురును, సభలు జరుగును. ఆ సందడిలో ఆసుపత్రి మంచము మీది పసిబిడ్డ భద్రతను తలచువారు కొద్దిమందియే.

తలచినను ఏమని తలచవలెను? నినాదము మంచిదే. కాని దానిని మెచ్చుకొనుటకు ముందు, అది ఏ మంచము వద్ద, ఏ చేతిలోని ఏ సీసాను మార్చగలదో అడుగుట శాస్త్రీయదృష్టి. అట్లు అడుగుటకు గోదావరిఖని కంటె తగిన ఊరు తెలుగునాట దొరకుట కష్టము.

పెద్దపల్లి జిల్లాలోని రామగుండము, గోదావరిఖని ప్రాంతము సింగరేణి బొగ్గుగనులతో పెరిగినది. ఇచట సింగరేణి సంస్థ నడుపు ఏరియా ఆసుపత్రియు, ప్రభుత్వాసుపత్రియు కలవు. 2022లో రామగుండమున సింగరేణి పేరుతోనే ప్రభుత్వ వైద్యకళాశాల ప్రారంభమై, ప్రభుత్వాసుపత్రి దానికి బోధనాసుపత్రియైనది. భద్రత అను మాట ఈ ప్రాంతపు పిల్లలకు అక్షరములతోపాటే పరిచయమగును. గని ముఖద్వారమున బోర్డు మీద ఉన్నది ఆ మాటయే. తండ్రి తలపైని గట్టి టోపీ చెప్పునది ఆ మాటయే. అయినను ఆ తండ్రి జ్వరముతోనున్న బిడ్డను ఎత్తుకొని ఆసుపత్రి మెట్లెక్కునపుడు, గనిలో తనకు తెలిసిన భద్రతను లోపల ఎవరినైనను అడుగవచ్చునని తలపడు. ఆసుపత్రిలో భద్రత యనగా డాక్టరుగారి మంచితనము, నర్సుగారి శ్రద్ధ, దేవుని దయ అని అతని భావము. ఈ భావము తప్పు. ప్రపంచమంతట రోగి భద్రతకై వెలువడుచున్న ప్రకటనలలో పెక్కు కూడ ఈ భావమును పూర్తిగా విడువకున్నవి. విమర్శించవలసినది దీనినే.

పసిబిడ్డ విషయములో ప్రమాదము ఎచట దాగియున్నదో మొదట చూడవలెను. ఇందుకు పెద్ద వైద్యశాస్త్రము అక్కరలేదు; ఉన్నత పాఠశాలలోని లెక్కలు చాలును. పెద్దవారికి మందు దాదాపు ఒకే కొలతలో ఇత్తురు. యాబది కిలోల మనిషికైనను, డెబ్బది కిలోల మనిషికైనను జ్వరమునకు అదే మాత్ర. పిల్లలకు అట్లు కాదు. ప్రతి మందును బిడ్డ బరువుతో గుణించి ఇయ్యవలెను. జ్వరమునకు వాడు పారసిటమాల్‌ను కిలో బరువునకు 15 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చుట వాడుకలోనున్నది. ఎనిమిది కిలోల బిడ్డకు 120 మిల్లీగ్రాములు. ఈ మందే అంగడిలో మూడు బలములలో దొరకును: ఒక మిల్లీలీటరులో 100 మిల్లీగ్రాములుండు చుక్కల మందు, ఐదు మిల్లీలీటర్లలో 120 మిల్లీగ్రాములుండు సిరపు, ఐదు మిల్లీలీటర్లలో 250 మిల్లీగ్రాములుండు సిరపు. ఆ బిడ్డకు మొదటిదైనచో ఒకటింబాతిక మిల్లీలీటరుకు కొంచెము తక్కువ, రెండవదైనచో ఐదు మిల్లీలీటర్లు, మూడవదైనచో రెండున్నరకు కొంచెము తక్కువ సరిపోవును. “ఐదు మిల్లీలీటర్లు పట్టండి” అను ఒక్క మాట రెండవ సీసాకు మందు. మూడవ సీసాకు రెట్టింపు. మొదటి సీసాకు 500 మిల్లీగ్రాములు, అనగా వలసినదానికి నాలుగు రెట్లకు మించినది. మాట ఒక్కటే, చెంచా ఒక్కటే. మారినది సీసా మాత్రమే.

మరియొక సంగతి గమనింపదగినది. సూదిమందుల సీసాలు చాలవరకు పెద్దవారి కొలతకు తయారగును. పెద్ద రోగికి పొరపాటున పదిరెట్లు మందు ఇయ్యవలెనన్న, నర్సు పది సీసాలు పగులగొట్టవలెను. మూడవ సీసా వద్దనే ఆమెకు అనుమానము కలుగును. సీసా పరిమాణమే ఒక అడ్డుకట్ట. పసిబిడ్డకు వలసినది అదే సీసాలో పదవ వంతు కావచ్చును. అందు ఒక దశాంశ బిందువు జారిపోయి, 0.5 అనునది 5 అయినచో, పదిరెట్ల మందు ఒకే సీసాలో, ఒకే సిరంజిలో సులభముగా ఇమిడిపోవును. అనుమానమునకు అవకాశమే లేదు. అందుచేతనే సున్నను ముందు తప్పక వ్రాయవలెననియు, పూర్ణసంఖ్య తరువాత బిందువును, సున్నను వ్రాయరాదనియు నియమము ఏర్పడినది. ఇక పసివాని దేహములో తప్పును భరించు శక్తి కూడ తక్కువ. నెలలు నిండి పుట్టిన శిశువు రక్తము కిలోకు దాదాపు 80 మిల్లీలీటర్లు. మూడు కిలోల శిశువు రక్తమంతయు ఒక గ్లాసు నిండునంతయే. మందును విరిచి బయటకు పంపు కాలేయము, మూత్రపిండములు ఇంకను పరిపక్వము కాలేదు. బాధ ఎచటనో చెప్పుటకు మాటయు లేదు.

కాబట్టి 2001లో అమెరికా వైద్యసంఘపు పత్రికలో ప్రకటితమైన ఒక పరిశోధన ఫలితము ఆశ్చర్యము కలిగింపదు. బోస్టన్ నగరమున రెండు ఆసుపత్రులలో పిల్లలకు వ్రాసిన 10,778 మందు ఆదేశములను పరీక్షింపగా 616 తప్పులు దొరికినవి. అందు నిజముగా హాని చేసినవి బహుకొద్ది. కాని హానికి దారితీయగల తప్పులు పెద్దవారిలో కంటె పిల్లలలో సుమారు మూడురెట్లు అధికము. ఆ ఆసుపత్రులు సంపన్నమైనవి, సిబ్బంది సుశిక్షితులు. అయినను తప్పులు జరిగినవి. అనగా తప్పు చేయుట చెడ్డవారి లక్షణము కాదు, అలసిన మనుష్యులందరి లక్షణము.

తెలుగునాట ఈ సత్యము 2019 మార్చిలో దారుణముగా వెల్లడియైనది. హైదరాబాదులోని నాంపల్లి పట్టణ ఆరోగ్యకేంద్రములో శిశువులకు టీకాలు వేసిరి. టీకా తరువాత వచ్చు జ్వరమునకై తల్లులకు పారసిటమాల్ మాత్రలు ఇయ్యవలసియుండగా ట్రమడాల్ మాత్రలు ఇయ్యబడినవి. ట్రమడాల్ నల్లమందు జాతికి చెందిన నొప్పి మందు, శ్వాసను మందగింపజేయును. పండ్రెండేండ్ల లోపు పిల్లలకు దానిని ఇయ్యరాదని 2017లో అమెరికా ఔషధ నియంత్రణ శాఖ నిషేధించియున్నది. ఇద్దరు శిశువులు మరణించిరి. పలువురు నీలోఫర్ ఆసుపత్రిలో చేర్పబడిరి. రెండు మాత్రల అట్టలును చూపునకు ఒకే రీతిగా ఉండెనని అప్పటి వార్తలు తెలిపినవి.

ఆ తరువాత ప్రజలు అడిగిన మొదటి ప్రశ్న “ఎవరు ఇచ్చిరి?” అని. సిబ్బందిపై చర్య తీసికొనబడినది. బాధ్యత ఉండవలసినదే, ఇద్దరు తల్లుల కడుపుకోతకు ఎవరును జవాబుదారులు కాకపోవుట న్యాయము కాదు. కాని “ఎవరు” అను ప్రశ్నతో ఆగిపోయినచో మిగిలినవి అడుగబడకయే పోవును. పసిపిల్లలకు టీకాలు వేయు గదికి ట్రమడాల్ ఎట్లు వచ్చినది? రెండు మాత్రలకు ఒకే రూపపు అట్టలను కొనుటకు ఎవరు ఒప్పుకొనిరి? మాత్ర తల్లి చేతికి పోవుటకు ముందు, పేరు పైకి చదివి రెండవ మనిషికి చూపు నియమము ఉండెనా? ఒక నర్సును తొలగించినచో ఒక నర్సు పోవును. ఒకే రూపపు అట్టలు అలమరలో అట్లే ఉండును. మరునాడు మరియొక చేయి వాటిని తీయును.

ఈ భేదము గోదావరిఖని కార్మికునికి చెప్పనక్కరలేదు. గనిలో భద్రత “జాగ్రత్తగా ఉండుడు” అను మాటపై ఆధారపడదు. 1952 నాటి గనుల చట్టము క్రిందను, 1957లోను మరల 2017లోను వెలువడిన బొగ్గుగనుల నిబంధనల క్రిందను దశాబ్దములుగా స్థిరపడిన పద్ధతులను చూడుడు. దిగువాడు దీపముల గదిలో దీపము తీసికొనును. అతని టోకెను అచట లెక్కలో నిలుచును. షిఫ్టు ముగిసిన పిదప ఒక దీపము తిరిగి రాకున్న, ఒక మనిషి పైకి రాలేదని తెలియును. ఎవరికిని జ్ఞాపకశక్తి అవసరము లేదు. ప్రేలుడు మందును, దానిని అంటించు డిటొనేటరును ఒకే పెట్టెలో మోయరాదు. మోయువాడు మంచివాడా, అజాగ్రత్తపరుడా అని నియమము అడుగదు. రెండును కలియకుండ చూచును. షిఫ్టు మారునపుడు ఓవర్‌మాన్ తాను చూచినదంతయు పుస్తకములో వ్రాసి సంతకము చేయును. దిగబోవువాడు దానిని చదువును.

వీటిలో ప్రతిదానికిని పసివారి వార్డులో జోడు కలదు. బిడ్డ మణికట్టుకు పేరు, బరువు వ్రాసిన పట్టీయే టోకెను. సాంద్రమైన పొటాషియం క్లోరైడు గుండెను ఆపగల మందు. నీటితో కలుపని ఆ సీసాలను వార్డు అలమరలో మామూలు ఉప్పునీటి సీసాల ప్రక్కన ఉంచకుండుట, డిటొనేటరును వేరు పెట్టెలో పెట్టుటయే. రాత్రి డ్యూటీ నర్సు పగటి నర్సుకు మంచము మంచముకు నిలిచి, ఏ బిడ్డకు ఏ మందు ఎపుడు పడినదో, ఏ బిడ్డ పాలు త్రాగుట లేదో వ్రాసి ఒప్పగించుట ఓవర్‌మాన్ పుస్తకమే. బిడ్డ బరువును ఊహింపక తూచి, కిలోలలో కేసు షీటు మొదటి పుటపై వ్రాయుట వీటన్నిటికి మొదలు. ఇందు ఏ ఒక్కటియు కోట్ల రూపాయల యంత్రము కాదు.

గనితో ఈ పోలికకు హద్దులు కలవని ఒప్పుకొనవలెను. కప్పు అనుమానముగా ఉన్నచో గని అధికారి పనిని ఆపి మనుష్యులను వెనుకకు రప్పింపగలడు. పసివారి వార్డును ఎవరు మూయగలరు? అర్ధరాత్రి మూర్ఛతో వచ్చిన బిడ్డకు రెండు సంతకములు కావలెనని కూర్చుండుట తగదు. ఒక నర్సు అనేక మంచములు చూడవలసిన చోట, ప్రతి మందును ఇద్దరు సరిచూడవలెనను నియమము కాగితముపై నిలుచును గాని వార్డులో నిలువదు. కాబట్టి మనుష్యులను ఇయ్యక నియమములను మాత్రమే ఇచ్చు ప్రణాళిక సగము ప్రణాళికయే.

ఇంకొక హద్దు కూడ కలదు. అది ఈ ప్రాంతపు గాయము. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు పోటెత్తి 17 మంది కార్మికులు మరణించిరి. అదే సంవత్సరము అక్టోబరులో 8ఎ గనిలో కప్పు కూలి 10 మంది మరణించిరి. చట్టములు అప్పుడును ఉండెను. పుస్తకములు, సంతకములు అప్పుడును ఉండెను. నియమము ఉన్నంత మాత్రమున భద్రత ఉన్నట్లు కాదని ఆ ఇరువదియేడు ప్రాణములు చెప్పుచున్నవి. గని సర్దారు కప్పును కర్రతో తట్టి చెవియొగ్గి వినును. గట్టి రాయి గణగణ పలుకును. విడివడిన రాయి గుల్లగా మ్రోగును. సంతలో కుండ కొను ఇల్లాలు వ్రేలితో తట్టి చూచుట వంటిదే ఇది. కప్పును తట్టకయే “తట్టితిని” అని వ్రాసినచో పుస్తకము నిండును, కప్పు నిలువదు.

ఈ దృష్టితో మన దేశపు ప్రయత్నమును చూడవలెను. కేంద్ర ఆరోగ్యశాఖ 2021 సెప్టెంబరు 17న, రోగి భద్రతా దినముననే, ముస్కాన్ అను కార్యక్రమమును ప్రారంభించినది. ప్రభుత్వాసుపత్రులలోని నవజాత శిశు కేంద్రములు, పిల్లల వార్డులు, పిల్లల ఓ.పి., పోషకాహార పునరావాస కేంద్రములు దీని పరిధిలోనివి. నిర్ణీత ప్రమాణములతో పరీక్షించి, మార్కులు వేసి, అర్హమైన వాటికి ధ్రువపత్రమిత్తురు. ఇది నినాదముకంటె ఎంతయో మేలైన పని. మందుల నిలువ, చేతుల శుభ్రత, తల్లి ప్రక్కననుండు ఏర్పాటు, పిల్లల భయమును తగ్గించు గోడల బొమ్మలు, ఇన్నిటిని ఒక జాబితాగా కూర్చుటయే ఒక సేవ. పదవ తరగతి పరీక్షవలె ఎవరో వచ్చి చూతురను భావము ఆసుపత్రికి అవసరమే.

కాని మార్కుల పద్ధతికి ఒక సహజమైన లోపము కలదు. ధ్రువపత్రమునకు స్థూలముగా నూటికి 70 మార్కులు చాలును. విభాగములకు, ముఖ్య ప్రమాణములకు వేరువేరుగ కనీస మార్కులు కలవన్నది నిజమే. అయినను ఆ విభాగము లోపల మరల సగటే. సగటు అనునది భద్రతకు శత్రువు. గనిలో బండ్లను లాగు ఇనుపతాడు నూరు గజములలో తొంబదితొమ్మిది గజములు గట్టిగానున్నదని ఎవడును తృప్తిపడడు. తెగునది ఆ నూరవ గజము వద్దనే. గోడమీది బొమ్మలకు వచ్చిన మార్కు, అలమరలో ఒకే రూపపు సీసాలున్నందులకు పోయిన మార్కును పూరింపరాదు. బిడ్డ బరువు వ్రాయుట, ప్రమాదకరమగు మందులను వేరు చేయుట, ప్రాణవాయువు సిలిండరును ప్రతి షిఫ్టునను పరీక్షించుట వంటి కొన్ని అంశములు ఉత్తీర్ణతా మార్కులకు వెలుపల నిలువవలెను. అవి ఉన్నవా, లేవా అన్నదే ప్రశ్న; నూటికెంత అన్నది కాదు.

రెండవ లోపము మరింత లోతైనది. మార్కులు వేయువారు వచ్చు దినము ముందుగా తెలియును. తప్పు జరుగు దినము తెలియదు. ఆ దినమున జరిగినది నిర్భయముగా వ్రాయబడు పుస్తకము లేనిచో పరీక్ష అలంకారమే. ఇంగ్లండులోని బ్రిస్టల్ ఆసుపత్రి కథ ఇందుకు నిదర్శనము. అచట పిల్లల గుండెకు జరిగిన శస్త్రచికిత్సలపై విచారణ సంఘము 2001లో నివేదిక ఇచ్చినది. 1991, 1995ల మధ్య అచట ఏడాదిలోపు శిశువులు, అట్టి ఇతర ఆసుపత్రులతో పోల్చగా, 30 నుండి 35 మంది అధికముగా మరణించిరని అది తేల్చినది. అచటి వైద్యులు నిర్లక్ష్యులని కాదు. అనేకులు శ్రద్ధ గలవారేనని నివేదికయే ఒప్పుకొనినది. కాని లెక్కలను తులనాత్మకముగా చూచి ఆపు ఏర్పాటు లేదు. అనుమానపడి లెక్కలు తీసిన ఒక మత్తువైద్యుని మాట చాలకాలము చెవికెక్కలేదు. లెక్కించుట నేర్చిన దేశములోనే ఇట్లు జరిగినచో, తప్పు వ్రాసిన నర్సునకు మొదట నోటీసు అందు చోట ఎన్ని తప్పులు వ్రాయబడును? హాని జరుగక తప్పిపోయిన పొరపాట్లను వ్రాసినవారికి శిక్ష లేదని ముందుగా చెప్పిననే ఆ పుస్తకము నిండును. రాయి పడి మనిషి తప్పించుకొనిన సంఘటనను గనిలో ముందటి హెచ్చరికగా ఎంచుదురు. ఆసుపత్రిలో దానిని అదృష్టమని మరచెదరు.

చివరకు, ఈ ప్రకటనలన్నిటిలోను పేరునకు మాత్రము కనిపించు వ్యక్తి తల్లి. 2025 నినాదపు ఆశయములలో తలిదండ్రులను శక్తిమంతులను చేయుట ఒకటి. మాట ఘనమే; పని ఏది? 2021లో లండనులో మార్తా మిల్స్ అను పదుమూడేండ్ల బాలిక, రక్తమున విషక్రిములు ప్రబలి మరణించినది. తల్లి చెప్పిన భయములను వైద్యులు తగినంతగా లెక్కచేయలేదు. ఆ తల్లిదండ్రుల ఉద్యమముచే 2024 నుండి ఇంగ్లండు ఆసుపత్రులలో “మార్తా నియమము” అమలునకు వచ్చినది. బిడ్డ స్థితి క్షీణించుచున్నదని తల్లి తలచినచో వార్డు వెలుపలి వేరొక వైద్యబృందమును వెంటనే పిలిపించు హక్కు ఆమెకు కలదు. ఇది నినాదము కాదు, ఒక ఫోను నంబరు. మన వార్డులలో తల్లి రాత్రింబవళ్ళు మంచము ప్రక్కననే కూర్చుండును. బిడ్డ ఏడుపులోని భేదము ఆమెకు తెలిసినంత మరెవరికిని తెలియదు. కప్పును నిరంతరము తట్టి వినుచున్న సర్దారు ఆమెయే. కాని ఆమె “ఈ మందేమిటి? మా వానికి ఎంత బరువునకు లెక్కకట్టినారు?” అని అడిగినచో విసుగు ఎదురగునేమోయని భయపడును. గనిలో కార్మికుల తరఫున తనిఖీ చేయు కార్మిక ఇన్‌స్పెక్టరును, భద్రతా సంఘమును గనుల నిబంధనలు ఏర్పరచినవి. గనిని ఎరిగినవాడు గనిలో పనిచేయువాడేయని గుర్తించుటయే దాని అర్థము. వార్డును ఎరిగిన తల్లికి అట్టి స్థానము ఏ పుస్తకములోను ఇంకను దొరకలేదు.

కనుక వచ్చు సెప్టెంబరు 17న ఏ కట్టడము నారింజరంగున వెలిగినదన్నది ముఖ్యము కాదు. గోదావరిఖనిలో గాని మరియెచట గాని పసివారి వార్డు మంచిదా కాదా అని తెలిసికొనుటకు చిన్న పరీక్ష చాలును. ప్రతి కేసు షీటుపై బరువు కిలోలలో ఉన్నదా? ఒకే రూపముగల రెండు మందులు ఒకే అరలో ఉన్నవా? నిన్న తప్పిపోయిన పొరపాటు నేడు పుస్తకములో ఉన్నదా? తల్లి అడిగిన ప్రశ్నకు నిలిచి జవాబు చెప్పినవారున్నారా? ఉన్నత పాఠశాల విద్యార్థి సైతము అడుగగల ప్రశ్నలివి. తరగతిలో గుణకారమును, దశాంశమును బోధించు ఉపాధ్యాయుడు మూడు సీసాల లెక్కను నల్లబల్లపై ఒకసారి వేసిన, ఆ తరగతి నుండి రేపు నర్సు కాబోవు బాలికకును, తల్లి కాబోవు బాలికకును అది జ్ఞాపకముండును. షిఫ్టు ముగించి తండ్రి తిరిగి ఇల్లు చేరుటకు ఎన్ని ఏర్పాట్లు కావలెనో ఈ ప్రాంతమునకు తెలియును. ఆసుపత్రికి వెళ్ళిన బిడ్డ తిరిగి ఇల్లు చేరుటకును అన్నియే కావలెను.